సైకిలు తొక్కువారి పక్షమున

ప్రతి సంవత్సరం కళాశాల ప్రవేశ పత్రాలను పరిశీలించునప్పుడు "అభిరుచులు" అన్న గడి దగ్గర మా దృష్టి కొంతసేపు నిలుస్తుంది. పుస్తక పఠనం, క్రికెట్టు, సంగీతం వినుట, స్నేహితులతో కాలక్షేపం అని మన విద్యార్థులు వ్రాస్తారు. సైకిలు తొక్కుట అని వ్రాసినవారిని మేము ఇంతవరకు చూడలేదు. అట్లని తొక్కువారు లేరని కాదు. ఉదయం తొమ్మిదిన్నరకు గేటు దగ్గర నిలిచినచో పాతబస్తీ సందులలోనుండి, హంద్రీ అవతలి వాడలనుండి ఎందరు సైకిళ్ళపై వచ్చుచున్నారో కనబడుతుంది. వారికది అవసరం. అవసరమైన దానిని అభిరుచి అని చెప్పుకొనుటకు మనిషికి ఏదో సంకోచం. పెద్ద నగరాలలో మాత్రం కారు గల పెద్దమనిషి మోటారు సైకిలును మించిన ధర పోసి సైకిలు కొని, ఆదివారం ఉదయం ఇరవై మైళ్ళు తొక్కి వచ్చి దానిని అభిరుచి అని సగర్వంగా చెప్పుకొంటున్నాడు. ఒకే వాహనం ఒకరికి గౌరవం, మరొకరికి నామోషీ. ఈ భేదాన్ని గురించి, దానితోపాటు మన కళాశాల సైకిలు స్టాండును గురించి కొన్ని మాటలు చెప్పవలెనని ఈ వ్యాసం.

అభిరుచి గల సైకిలు మనిషి ఎట్లుండునో తెలియుటకు హైదరాబాదుదాకా పోనక్కరలేదు. మా సహోద్యోగి ఒకరు రసాయన శాస్త్రం బోధిస్తారు. పేరు వ్రాయుటకు ఆయన ఒప్పుకొనలేదు గనుక "మిస్త్రీ సాహెబు" అనియే వ్రాస్తాము. విద్యార్థులు చాటుగా తన్ను అట్లే పిలుస్తారని ఆయనకూ తెలుసు. ఫజర్ నమాజు ముగియగానే ఆయన సైకిలు తీస్తారు. మామూలు దినాలలో కె.సి. కాలువ గట్టు. సుంకేసుల వద్ద తుంగభద్రను విడిచి వచ్చు ఆ కాలువలో నీరుండు నెలలలో గట్టుమీద గాలి చల్లగా ఉంటుంది. ఆదివారమైతే నంద్యాల దారిలో ఓర్వకల్లు రాతి కొండలదాకా, సుమారు ఇరవై కిలోమీటర్లు పోయి, ఎండ ముదరక ముందే తిరుగుతారు. జేబులో చిన్న నోటుపుస్తకం. ఎంత దూరం, గాలి ఎటునుండి, ఏ మలుపులో రోడ్డు చెడినది, మోదుగ ఏ వారంలో పూచినది, అన్నీ అందులో ఎక్కుతాయి. ఏండ్ల తరబడి వ్రాసిన ఆ పుస్తకాలు చదివినచో మన ఊరి చుట్టుప్రక్కల భూగోళం పాఠ్యగ్రంథంలోకంటె బాగుగా తెలుస్తుందని మా నమ్మకం.

ఆయన సైకిలు తండ్రిగారిది, నల్లని ఇరువది నాలుగు అంగుళాల ఫ్రేము. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు అది కూడ ఇంటిలోనే మునిగినది. నీరు తీసిన పిదప బురదలోనుండి దానిని లాగి, చక్రాలు విప్పి, ఇరుసులోని ఇనుప గుండ్లను ఒక్కొక్కటిగా కిరసనాయిలులో కడిగి, వెనుక ఇరుసుకు ప్రక్కకు తొమ్మిదేసి చొప్పున మరల గ్రీజులో కూర్చి బిగించినారు. అప్పటినుండియే ఆ బిరుదు. పాత ఇనుముకు వేసి క్రొత్తది కొనుట సులువని మేమంటే, "విప్పడం వచ్చిన వస్తువును పారవేయడానికి చేతులు రావు" అని ఊరకున్నారు.

ఇక సామగ్రి సంగతి. గేర్లున్న సైకిలు వేగంగా పోవునని మన పిల్లల భ్రమ. ఈ భ్రమవలన, పదకొండు వేలో పన్నెండు వేలో పోసి లావుపాటి టైర్లు, ముందర స్ప్రింగులు, ఇరువది యొక్క గేర్లు ఉన్నదానిని కొని, ఆరు నెలలకు మూల పెట్టినవారిని ఎరుగుదుము. లెక్క చూడండి. మామూలు సైకిలుకు ముందర పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 ఉన్నవనుకొందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం రెండున్నర చుట్లకు కొంచెం తక్కువగా తిరుగుతుంది. ఇరువది యెనిమిది అంగుళాల చక్రంపై అది సుమారు ఐదున్నర మీటర్ల దూరం. ముందర 28, వెనుక 28 పళ్ళు కలిసిన గేరులో పెడలు చుట్టుకు చక్రమూ ఒక్క చుట్టే, రెండు మీటర్లకు కొంచెం పైగా. ఎత్తు ఎక్కుటలో చేయవలసిన పని తగ్గదు. తొక్కు తేలికై, తొక్కుల సంఖ్య పెరుగుతుంది. జగన్నాథగట్టు ఎక్కవలసిన వానికి ఇది వరం. ఇంటినుండి కళాశాలకు చదునైన దారిలో మూడు కిలోమీటర్లు వచ్చువానికి ఆ గేర్లు, ఆ స్ప్రింగులు మోతబరువు మాత్రమే. మిస్త్రీ సాహెబు గట్టు క్రిందనే దిగి నడిపించుకొని పోతారు. "నడవడం కూడ ఒక గేరే" అని ఆయన వాదన. ఇందులో మేము ఆయనతో పూర్తిగా ఏకీభవించము. వయసులో ఉన్నవారికి గట్టు ఎక్కు ఆనందం దక్కవలసినదే. కాని కొనవలసిన క్రమం మాత్రం ఆయన చెప్పినదే సరి: మొదట కాళ్ళకు తగిన ఫ్రేము, తరువాత మంచి బ్రేకులు, తరువాత దీపం, చివరకు మిగిలినవి. పెడలు అడుగున ఉన్నప్పుడు మడమ దానిపై ఆని కాలు తిన్నగా చాచుకొనునంత ఎత్తున సీటుండవలెను. మన విద్యార్థులలో సగంమంది సీటు మరీ దించి, మోకాళ్ళు హ్యాండిలుకు తగులునట్లు తొక్కి, సాయంత్రానికి మోకాలి నొప్పి అంటారు.

తిండి విషయంలో ఆయన మరీ ఛాందసులు. బయలుదేరు ముందు రెండు ఖర్జూరాలు, ఒక గ్లాసు నీరు. జేబులో వేరుశనగ పట్టీ. శరీరంలో నిలువయుండు పిండిపదార్థపు శక్తి గట్టిగా తొక్కువానికి గంటన్నర రెండు గంటలలో తరిగిపోవును గనుక, ఆకలి వేయకముందే కొంచెం నమలవలెనని ఆయన సూత్రం. ఫ్రాన్సులో 1891లో పందెంగా ఆరంభమైన పారిస్–బ్రెస్ట్–పారిస్ ప్రయాణంలో ఇప్పటికీ నాలుగేండ్ల కొకసారి 1200 కిలోమీటర్లు 90 గంటలలో తొక్కుతారు. అంత దూరం పోవువారికీ దారిలో కడుపు చూచుకొనుటే సగం విద్య. మన ఓర్వకల్లు ప్రయాణికునికి అంత చింత లేదు. తిరుగు దారిలో బండి దగ్గర ఆగి వేడి ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. నానిన బొరుగులు కడుపుకు బరువు కావు, త్వరగా సత్తువనిస్తాయి, బజ్జీ మాత్రం నాలుకకోసమని ఆయనే ఒప్పుకొంటారు. ఇంటికి చేరిన తరువాత ఉప్పు వేసిన మజ్జిగ, జొన్నరొట్టె, దానిపై వేరుశనగ పొడి. సీసాలలో అమ్ము రంగునీళ్ళ ముఖం చూడరు. రంజాను మాసంలో పగలు సైకిలు ముట్టక, తరావీహ్ నమాజు తరువాత ఊరంతా మేలుకొని ఉన్న వేళ ఒక చుట్టు తిరిగి వస్తారు. హలీం తిన్న రాత్రి ఆ చుట్టు రెండింతలగునని వినికిడి.

ఉర్దూ శాఖ విద్యార్థులకు పత్రస్ బుఖారీ "మర్‌హూమ్ కీ యాద్ మే" తెలిసియే ఉండును. మోటారు కారును కోరి, మిత్రుడైన మీర్జా అంటగట్టిన పాడు సైకిలుతో అవస్థలు పడి, తుదకు దానిని నదిపాలు చేసినవాని కథ అది. దానిని తెలుగు విద్యార్థులకు వినిపించినప్పుడు ఎంతగా నవ్వినారో! నవ్వవలసినదే. కాని ఆ సైకిలును ఎవరైనా విప్పి గ్రీజు పెట్టి ఉంటే వ్యాసమే పుట్టి ఉండేది కాదు గదా అన్న సందేహం మమ్ము వదలలేదు. కారు కావలెనన్న కోరికయే సైకిలును హాస్యాస్పదం చేయుచున్నది. మన ఆవరణలో జరుగుచున్నదీ అదే.

సైకిలు స్టాండును తీసివేసి ఆ స్థలాన్ని మోటారు వాహనాలకు కేటాయించు ఆలోచన పాలక సంఘం పెద్దల ముందున్నదని తెలిసినది. మోటారు సైకిళ్ళు పెరిగినవి, ఎండలో నిలుచున్నవి, సైకిళ్ళు తగ్గుచున్నవి అన్నది కారణం. పెద్దలపై మాకు గల గౌరవానికి లోటు లేకుండ మా భిన్నాభిప్రాయాన్ని మనవి చేస్తున్నాము. సైకిళ్ళు తగ్గుటకు కారణం అవి పనికిరాకపోవుట కాదు, వాటిపై వచ్చువాడు తక్కువవాడన్న భావం. ఇంటర్మీడియట్ విద్యార్థి తండ్రిచేత అప్పు చేయించి వాయిదాలపై బండి కొనిపించి, పెట్రోలు ఖర్చుకై సాయంత్రం దుకాణంలో పనికి కుదిరి, మరుసటి ఉదయం తరగతిలో నిద్రపోవుట మేము చూచుచున్న సత్యం. పైగా పదునెనిమిదేండ్లు నిండనిదే మామూలు మోటారు సైకిలుకు లైసెన్సు రాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బాలుడు బండి నడిపి నేరం చేసినచో తండ్రికో, సంరక్షకునికో మూడేండ్లవరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. అట్టి బండ్లకు నీడ కల్పించి, చట్టం ఏ లైసెన్సూ అడగని వాహనాన్ని ఎండలోనికి నెట్టుట ఒక విద్యాసంస్థ చేయదగిన పనియేనా?

రోడ్లు ప్రమాదకరమైనవి కదా అని కొందరు పెద్దలు అంటారు. నిజమే. హైదరాబాదు–బెంగుళూరు జాతీయ రహదారిపై పిల్లలను సైకిళ్ళతో పొమ్మని మేము చెప్పము. కాని ఊరి వీథులను ప్రమాదకరంగా చేయుచున్నవి సైకిళ్ళు కావని కూడ చెప్పక తప్పదు.

అన్నిటికంటె ముఖ్యమైనది విద్యార్థినుల సంగతి. ఆటో తప్పిపోయినదని, తెచ్చి దింపుటకు తమ్ముడు ఊరిలో లేడని, మన విద్యార్థినులు ఎన్ని తరగతులు పోగొట్టుకొంటున్నారో హాజరు పట్టీలు చెబుతాయి. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1991–92 ప్రాంతంలో, కలెక్టరు శ్రీమతి షీలారాణి చుంకత్ నాయకత్వాన, అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా స్త్రీలకు సైకిలు నేర్పినారు. వేలాదిగా గ్రామీణ స్త్రీలు నేర్చినారు. వారిలో కట్టుబాట్లు గల ముస్లిం కుటుంబాల యువతులు కూడ ఉన్నారు. నీళ్ళు తెచ్చుటకు, పనికి పోవుటకు, పిల్లలను బడికి చేర్చుటకు ఒకరి దయకై కాచుకొనుట తప్పినది. బీహారులో 2006లో ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్ళిచ్చు పథకం ఆరంభమైనది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అను ఆర్థికవేత్తలు దానిని పరిశీలించి, ఆ వయసు బాలికల చేరిక సుమారు 32 శాతం పెరిగినట్లు 2017లో ప్రకటించినారు.

మన ఇండ్లలో దీనికి అభ్యంతరం చెప్పువారున్నారు. వారిలో చాలమంది మంచివారు, కుమార్తెల క్షేమం కోరువారు. వారితో ధర్మశాస్త్ర చర్చకు మేము దిగము. సామగ్రి చర్చకు మాత్రం దిగగలము. అడ్డకమ్మీ లేని ఫ్రేము, చైనును పూర్తిగా కప్పు కవరు, వెనుక చక్రానికి ఇరుప్రక్కల జాలీ, ఈ మూడు ఉన్నచో బురఖా గాని, చున్నీ గాని, చీరకుచ్చెళ్ళు గాని చిక్కుకొనవు. ఇవి క్రొత్త వస్తువులు కావు, ఖరీదైనవీ కావు. బజారులో ఇప్పుడమ్ము సొగసైన ఆడపిల్లల సైకిళ్ళకు చైను కవరు సగమే ఉంటుంది, జాలీ ఉండదు. రంగు చూచి కొనక ఈ రెండింటిని అడిగి పెట్టించుకొనవలెను. పరదా పాటించు తల్లి కూడ చైను కవరు చూచి తృప్తిపడుట మేము కన్నులార చూచినాము.

కనుక మా కోరికలు ఇవి. స్టాండును ఉన్నచోటనే ఉంచి, రేకులు మార్పించవలెను. అందులో గోడవైపు భాగాన్ని విద్యార్థినుల సైకిళ్ళకు వేరుచేయవలెను. శుక్రవారం మధ్యాహ్నం జుమా విరామం తరువాత ఆటస్థలం ఖాళీగా ఉండు గంటలో, నేర్చుకొనదలచిన బాలికలకు మహిళా అధ్యాపకుల పర్యవేక్షణలో అవకాశమీయవలెను. రెండు పాత సైకిళ్ళు బాగుచేసి ఇచ్చుటకును, పంక్చరు వేయుట నేర్పుటకును మిస్త్రీ సాహెబు మాట ఇచ్చినారు. ప్యాచీలు, సొల్యూషను, ఉప్పుకాగితం, ట్యూబును ముంచి బుడగలు చూచుటకు ఒక తొట్టి ఆయన ప్రయోగశాలలో ఇదివరకే ఉన్నవి. గాలి పంపు మేము కొని ఇస్తాము; దానిని స్తంభానికి గొలుసుతో కట్టించి, తాళంచెవి అటెండరువద్ద ఉంచు బాధ్యతను కార్యాలయంవారు స్వీకరించవలెను.