పెట్టెలోని స్మృతి, పాటకు దక్కిన స్మృతి

అంగట్లో అన్నీ ఉన్నవి, అల్లుని నోట్లో శని ఉన్నదని తెలుగువారి సామెత. సంభారము ఉండుట వేరు, అది భోక్తకు అందుట వేరు అని చెప్పుటకు ఇంతకంటె పొట్టి మాట దొరకదు. ఈ సామెత పుట్టిన నాటికి విద్యుత్తు లేదు, గణకయంత్రము లేదు. అయినను నేటి సంగీతయంత్రముల విషయమున ఇది చక్కగా వర్తించుచున్నది. యంత్రపు పెట్టెపై ఇన్ని గిగాబైట్ల మెమొరీ, అనగా స్మృతి, ఉన్నదని అచ్చువేయుదురు. వాద్యకారుడు ఆ సంఖ్యను చూచి కొనును. తీరా వాయింపబోవునప్పటికి అందులో ఒక భాగమే, ఒక్కొక్కప్పుడు సగమే, అతనికి దక్కును. తక్కినది పెట్టెలోనే ఉన్నది. కాని పాటకు లేదు. ఈ తేడాను ముందుగా చెప్పవలసిన బాధ్యత అమ్మువానిదా, అడిగి తెలిసికొనవలసిన బాధ్యత కొనువానిదా అన్నది ఆలోచింపదగిన ప్రశ్న.

జలాశయముల సంగతి ఎరిగినవారికి ఈ విషయము క్రొత్త కాదు. ఆనకట్ట వెనుక నిలిచిన నీరంతయు పొలమునకు రాదు. తూము కంటె దిగువనున్న నీరు లెక్కలో ఉండును, కాలువలో ఉండదు. అందుచేతనే నీటిపారుదల లెక్కలలో మొత్తము నిల్వ ఒకటిగాను, వాడుకకు వచ్చు నిల్వ మరియొకటిగాను చూపుట ఆచారమైనది. రైతునకు చూపిన ఈ మర్యాద వాద్యకారునికి మాత్రము చాలకాలము దక్కలేదు.

అసలు పాటకు ఇంత స్మృతి ఎందుకు? ధ్వనిని అంకెలుగా మార్చి దాచు పద్ధతిలో, కాంపాక్టు డిస్కు ప్రమాణము ప్రకారము, సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలుతురు. ఒక్కొక్క కొలతకు రెండు బైట్లు కావలెను. కుడిచెవికి ఒకటి, ఎడమచెవికి ఒకటిగా రెండు వరుసలు కనుక సెకనుకు 1,76,400 బైట్లగును. ఇక పియానోను తీసికొనుడు. దానికి 88 మెట్లు. మెల్లగా నొక్కిన మెట్టుకు, గట్టిగా కొట్టిన మెట్టుకు బిగ్గరలోనే గాక నాదగుణములోనే భేదమున్నది. కావున ఒక్కొక్క మెట్టును ఎనిమిది రకముల బలముతో పలికించి, ఒక్కొక్క పలుకును పది సెకన్లపాటు భద్రపరచినారనుకొనుడు. పలుకులు 704, సెకన్లు 7,040, బైట్లు 1,24,18,56,000. ఒక్క పియానోకే నూట ఇరువది నాలుగు కోట్లు! ఇందులో వయొలిన్లు లేవు, వేణువు లేదు, మృదంగము లేదు.

తొలినాళ్ల యంత్రములను చూచినచో ఈ సంఖ్యలు ఆశ్చర్యము గొల్పును. 1979లో ఆస్ట్రేలియా దేశపు సిడ్నీ నగరమున పీటర్ వోగెల్, కిమ్ రైరీ అను ఇరువురు వెలువరించిన ఫెయిర్‌లైట్ అను యంత్రములో ఒక్కొక్క స్వరధారకు 16 కిలోబైట్ల స్మృతి మాత్రమే ఉండెడిది. సెకనుకు పదునారువేల కొలతల చొప్పున లెక్కించినచో అందులో పట్టునది ఒక్క సెకను ధ్వని. 1987లో అమెరికాలోని ఈ-ము సంస్థ తెచ్చిన ఎస్‌పి-1200 అను యంత్రములో మొత్తము పట్టునది సుమారు పది సెకన్లు. ఆ పది సెకన్లతోనే న్యూయార్కు యువకులు హిప్-హాప్ సంగీతమున ఒక యుగమును నిర్మించినారు. వారు పట్టిన ఉపాయము వినదగినది. నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగవలసిన గ్రామఫోను రికార్డును 45 చుట్ల వేగముతో తిప్పి ధ్వనిని యంత్రములోనికి ఎక్కించెడివారు. తరువాత యంత్రములో వేగము తగ్గించి యథాశ్రుతికి తెచ్చెడివారు. పది సెకన్ల చోటులో పదమూడున్నర సెకన్ల పాట ఇమిడెడిది. ఆ మార్పులో ధ్వనికి కొంత గరుకుదనము వచ్చినది. ఆ గరుకుదనమునే లోకము మెచ్చినది.

ఇది చూపి కొందరు ఒక వాదము చేయుదురు. పరిమితియే కళకు ప్రాణము. ఛందస్సు కవిని బంధించినట్లే స్మృతి యొక్క హద్దు వాద్యకారుని బంధించును. ఆ బంధమునుండియే సౌందర్యము పుట్టును. కావున ఈ ఫిర్యాదులెందుకు అని. ఈ వాదములో సత్యము లేకపోలేదు. కాని ఒక సూక్ష్మమును విస్మరింపరాదు. కందపద్యము వ్రాయు కవికి గణములెన్నో ముందే తెలియును. ఎస్‌పి-1200 కొన్న యువకునికి పది సెకన్లని ముందే తెలియును. తెలిసిన హద్దు నియమమగును. తెలియని హద్దు గోతియగును. సీసపద్యమునకు కూర్చుండిన కవికి, సగము నడచిన పిమ్మట, ఇక పాదములు లేవని ఎవరో వచ్చి చెప్పినచో అందుండి పుట్టునది సౌందర్యము కాదు.

గోయి ఏర్పడిన కథ ఇట్లున్నది. 1996లో జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ వీఎస్‌టీ అను పద్ధతిని ప్రవేశపెట్టినది. పెద్ద సంగీత ప్రోగ్రాములో చిన్న ప్రోగ్రామును తగిలించి వాడుకొను ఏర్పాటది. తగిలించు ఆ చిన్న ప్రోగ్రామునకే ప్లగ్-ఇన్ అని పేరు. 1999 నాటికి వాద్యములు కూడ ప్లగ్-ఇన్‌లుగా వచ్చినవి. అయితే గణకయంత్రమును రంగస్థలము మీదికి మోసికొనిపోవుటకు వాద్యకారులు జంకినారు. ఆ జంకును తీర్చుటకై ప్లగ్-ఇన్‌లను నడుపుటయే పనిగా గల ప్రత్యేకపు పెట్టెలు పుట్టినవి. అమెరికాలో మ్యూజ్ రీసెర్చ్ సంస్థ చేసిన రిసెప్టర్ అట్టిది. చూపునకు అది వాద్యపరికరము. లోపల చూచినచో ప్రాసెసరు, స్మృతి, డిస్కు, లైనక్స్ కల గణకయంత్రమే. గణకయంత్రపు గుణములతోపాటు దాని హద్దులు కూడ అట్టి పెట్టెలకు సంక్రమించినవి.

ఆ కాలపు ప్లగ్-ఇన్‌లు ముప్పదిరెండు బిట్ల లెక్కకు కట్టుబడినవి. స్మృతిలోని ప్రతి గదికి ఇంటి నంబరు వంటి సంఖ్య ఒకటి ఉండవలెను. ముప్పదిరెండు స్థానములలో సున్నలు, ఒకట్లు మార్చి మార్చి వేసినచో ఏర్పడు సంఖ్యలు 4,29,49,67,296. అనగా నాలుగు గిగాబైట్లు. అంతకు మించి ఎన్ని వీధులు కట్టినను నంబరు లేని ఇంటికి తపాలా చేరదు. ఆ నాలుగింటిలో కూడ విండోస్ పద్ధతి సాధారణముగా రెండింటిని తనకే ఉంచుకొని, తక్కిన రెండింటిని ప్రోగ్రామునకు విడిచెడిది. లైనక్స్ సాధారణముగా మూడుపాళ్లు విడిచి ఒక పాలు ఉంచుకొనెడిది. ఇంకొక చిక్కు కూడ కలదు. ప్లగ్-ఇన్‌లకు సాధారణముగా వేరు కాపురములు లేవు. తమకు ఆశ్రయమిచ్చిన పెద్ద ప్రోగ్రాము ఇంటిలోనే ఉమ్మడికుటుంబముగా ఉండవలసినదే. పది ప్లగ్-ఇన్‌లున్నను ఆ రెండు గిగాబైట్లనే పంచుకొనవలెను. వాని తెరబొమ్మలు, ప్రతిధ్వని కొరకు దాచుకొను ధ్వనులు, అన్నియు అందులోనే. పైగా ఖాళీ చోటు అక్కడక్కడ చిన్న చిన్న ముక్కలుగా మిగిలినచో, కలిసిన చోటు కోరు పెద్ద వాద్యమునకు అది పనికిరాదు.

ఇప్పుడు మొదటి లెక్కకు వత్తము. రెండు గిగాబైట్లనగా 2,14,74,83,648 బైట్లు. పైన చెప్పిన పియానో ఒకటి అందులో పట్టును. అట్టివి రెండైనచో 2,48,37,12,000 బైట్లు కావలెను, పట్టవు. పెట్టెపై నాలుగు అను అంకె ఎంత పెద్ద అక్షరములతో అచ్చువేసినను, ఆ కట్టుబాటులో రెండవ పియానోకు చోటు లేదు. ఇంటివద్ద ఒక్కొక్క వాద్యమును విడివిడిగా పరీక్షించిన వాద్యకారునికి అన్నియు బాగుగనే పలుకును. సభలో, శ్రోతల ఎదుట, రెండవ వాద్యమును పిలిచినప్పుడు యంత్రము మూగవోవును. అతడు సాధన చేయలేదని శ్రోతలు అనుకొందురు. పోయినది యంత్రపు పరువు కాదు, మనుష్యుని పరువు.

హద్దును దాటుటకు బుద్ధిమంతులు మార్గములు వెదకకపోలేదు. 1998లో నెమెసిస్ సంస్థ తెచ్చిన గిగాశాంప్లర్ ప్రతి పలుకు యొక్క ఆరంభమును మాత్రమే స్మృతిలో ఉంచి, తక్కినదానిని వాయించుచుండగా డిస్కునుండి తెచ్చుకొనెడిది. అరసెకను ఆరంభమే ఉంచినచో పైన చెప్పిన 704 పలుకులకు 6,20,92,800 బైట్లు చాలును. ఇరువదింట ఒక పాలు! తిరుపతికి పోవువాడు దారిబత్తెము మాత్రమే మూటగట్టుకొని, ధాన్యపు గాదెను ఇంటివద్ద విడిచినట్లు. ఇక నిజాయితీకి ఉదాహరణము కావలెనన్నచో 2008లో యూనివర్సల్ ఆడియో సంస్థ తెచ్చిన యూఏడీ-2ను చెప్పవచ్చును. ధ్వనిసంస్కారమునకై ప్రత్యేకముగా చేసిన ఆ పరికరమునకు గణనశక్తి, ప్రోగ్రాము స్మృతి, సామాన్య స్మృతి అని మూడు వనరులున్నవి. మూడింటిలో ఏ ఒక్కటి అయిపోయినను క్రొత్త ప్లగ్-ఇన్ ఎక్కదు. హద్దు అక్కడ కూడ ఉన్నది. కాని మూడింటి వినియోగమును మూడు కొలబద్దలుగా తెరపై చూపినారు. వాద్యకారుడు ఏది తరుగుచున్నదో చూచుకొని పని నడుపుకొనగలడు. హద్దు ఉండుట దోషము కాదు, హద్దును దాచుట దోషమన్నదానికి ఇంతకంటె ప్రమాణమేల?

ఇదంతయు గతించిన కథ కదా అని విద్యార్థులు అడుగవచ్చును. నిజమే, అరువదినాలుగు బిట్ల లెక్క వచ్చిన తరువాత ఇంటి నంబర్ల కరవు తీరినది. 2016లో వచ్చిన క్యూబేస్ తొమ్మిదవ కూర్పు పాత లెక్కను పూర్తిగా విడిచినది. 2019లో ఆపిల్ సంస్థ తన మాక్ యంత్రములలో పాత ప్రోగ్రాములు నడువకుండ చేసినది. కాని హద్దుతోపాటు ఆ హద్దులో పుట్టిన వాద్యములు కూడ పోయినవి. క్రొత్త లెక్కకు మార్చువారు లేని ప్లగ్-ఇన్‌లు అందులో మూగవైనవి. వానితో కూర్చిన పాటలను మరల తెరచినచో ఆ గొంతులు పలుకవు. ప్రత్యేకపు పెట్టెలలో హద్దు నేటికిని పోలేదు. 2017లో అకై సంస్థ తెచ్చిన ఎంపీసీ లైవ్‌కు స్మృతి రెండు గిగాబైట్లే. అందులోనే యంత్రపు సొంత పని, అందులోనే పాట.

మన సంగీతమునకు ఈ విచారము మరింత అవసరము. పియానో మెట్టు ఒక స్థానమున నిలిచి పలుకును. వీణపై స్వరము నిలువదు; రాగమును బట్టి, ముందు వెనుకల స్వరములను బట్టి గమకముతో కదలును. తోడిలోని గాంధారము వేరు, శంకరాభరణములోని గాంధారము వేరు. వీణను పెట్టెలోనికి ఎక్కింపగోరువాడు ఒక్కొక్క స్వరమునకు ఒక్క పలుకుతో తృప్తిపడజాలడు. పలుకులు పెరిగినకొలది స్మృతి కావలెను. గమకమునకు చోటు చాలదని దానిని కోసివేసినచో మిగులునది మన సంగీతము కాదు. కావున యంత్రము కొనువాడు ముందడుగవలసినది ధర కాదు, చోటు.

అడుగవలసిన ప్రశ్నలు మూడు. మొత్తము స్మృతి ఎంత? అందులో యంత్రము తన పనికి తీసికొనునది ఎంత? తక్కినదానిలో ఒకేసారి ఎక్కింపదగిన వాద్యభారము ఎంత? ఈ మూడింటిని పెట్టెపై అచ్చువేయుటకు తయారుదారునికి పట్టు సిరా స్వల్పము. ఈ మూడింటిని అడుగుట నేర్పుటకు ఉపాధ్యాయునికి పట్టు కాలము ఒక్క పీరియడు. గుణకారము వచ్చిన బాలునికి పియానో లెక్క చేయుట కష్టము కాదు. ఆ లెక్క చేసిన బాలుడు పెద్ద అక్షరములకు మోసపోడు. అంగడిలో తూకపురాళ్లకు ముద్ర లేనిదే సరకు కొనని లోకము, నాదమును కొలుచు కుంచమునకు మాత్రము ముద్ర అడుగకుండుట న్యాయము కాదు.