కొట్టేసిన కొమ్మను కాల్చొద్దు, నాటుదాం!



ఏటా గాలివానలు మొదలుకాకముందే కరెంటోళ్లు వచ్చి తీగలకు తగిలే కొమ్మలు కొట్టేస్తారు. ఆ పని జరగాల్సిందే, మేం కాదనం. మా బాధంతా ఆ తర్వాత జరిగేదాని గురించే. మర్రి, జువ్వి, మేడి, మునగ కొమ్మలు రోడ్డు పక్కన కుప్పలుగా పడి ఎండుతాయి. కొన్ని పొయ్యిలోకి పోతాయి, మిగిలినవాటికి అక్కడే నిప్పు పెడతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మృగశిర కార్తె వస్తుంది. నర్సరీ నుంచి జానెడు మొక్కలు ట్రాక్టరులో దిగుతాయి!

2015లో మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం మొదలయ్యాక తెలంగాణ పల్లెల్లో నర్సరీలు పెరిగాయి. మంచిదే. వేప, చింత, కానుగ గింజతోనే బాగా వస్తాయి కాబట్టి వాటికి నర్సరీ కావాలి. కానీ జానెడు మర్రిమొక్కను దారి పక్కన పెట్టడమంటే మేకకు మేత వేసినట్టే. మనిషెత్తుకు మించిన కొమ్మ నాటితే పైచిగురు మేక నోటికి అంత తేలిగ్గా అందదు. మొదట్లో చుట్టూ ముళ్లకంప కడితే చాలు.

ముంజేయంత లావు, ఏడెనిమిది అడుగుల పొడవు ఉన్న నిటారు కొమ్మ ఎంచుకోండి. ఆకులు దూసేయండి. అడుగు కొసను ఏటవాలుగా కోయండి. పై కొసకు పేడముద్ద పెట్టండి, తేమ ఆరిపోదు. మర్రి, జువ్వి కొమ్మలకు పాలు కారుతాయి. కారడం ఆగేదాకా నీడన ఉంచి, తడిగోనె కప్పండి. రెండడుగుల గుంటలో నిలబెట్టి, మట్టి వేస్తూ కాలితో గట్టిగా తొక్కండి. తలకిందులుగా పాతితే మాత్రం బతుకుతుందన్న ఆశ వదులుకోవాల్సిందే. రావి కాస్త మొండిది, నాలుగు నాటితే ఏ ఒకటో రెండో నిలుస్తాయి. నీళ్లు నిలిచే నల్లరేగడిలో ఏ కొమ్మయినా కుళ్లుతుంది.

చాలామంది మోసపోయేది చిగురు దగ్గరే. కొమ్మలో దాగిన సత్తువతోనే తొలి చిగురు వస్తుంది, అప్పటికి కింద వేరు ఉండకపోవచ్చు. వేరు పట్టిందేమోనని కొమ్మను ఊపి చూస్తే అప్పుడే పుడుతున్న లేత వేరు కాస్తా తెగుతుంది. వాన ముఖం చాటేసిన వారాల్లోనూ, వచ్చే ఎండాకాలంలోనూ బిందెడు నీళ్లు పోసేవాళ్లుంటేనే అది చెట్టవుతుంది. అందుకే ఒక్కో కొమ్మను ఒక్కో ఇంటికి అప్పగించాలంటున్నాం.

మునగ కొమ్మయితే పెరట్లోనే పెట్టుకోవచ్చు, రెండు మూరల ముక్క చాలు. కొమ్మతో వచ్చిన చెట్టుకు తల్లివేరు ఉండదు, పెనుగాలికి మునగ ఒరిగిపోతుంది. ఏటా తల నరికితే బరువు తగ్గుతుంది, కాయలూ చేతికందుతాయి. మర్రి, రావి, జువ్వి ఇంటి గోడ దగ్గర, బావి పక్కన వద్దు. చెరువు కట్ట మీద అసలే వద్దు, వేళ్లు కట్టను గుల్ల చేస్తాయి. మళ్లీ తీగల కిందే నాటితే పై ఏడాది కరెంటోళ్లకు పని పెట్టినవాళ్లమవుతాం.

చేవెళ్ల దారిలోని పాత మర్రిచెట్లను కాపాడాలని ఏళ్ల తరబడి పట్టుబట్టినవాళ్లున్నారు. అలాంటి నీడ మన దారికీ కావాలంటే ఒక్క చెట్టు కొమ్మలే ఊరంతా నాటకూడదు. ఆ చెట్టుకు తెగులుంటే అన్నిటికీ అంటుకునే ప్రమాదం ఉంది. నాలుగైదు చెట్ల నుంచి తీసుకోవాలి.

పంచాయతీని మేం అడిగేది కొంచెమే. కొమ్మలు కొట్టే తేదీ ముందురోజే ఊళ్లో చాటింపు వేయించాలి. రోడ్డు పక్క చెట్ల కలప మన సొంతం కాదు కాబట్టి, నాటేందుకు కొమ్మలు ఇవ్వాలని గ్రామసభలో తీర్మానం చేసి సంబంధిత అధికారులకు పంపాలి. గుంటలు ముందే తవ్వించాలి. చెట్లు నరకడానికి అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. ఈ పని పేరు చెప్పి పచ్చని చెట్టు మీద ఎవరూ చేయి వేయకుండా చూసే బాధ్యత కూడా పంచాయతీదే.

వచ్చే గ్రామసభకు ఇంటికొకరు రండి, ఆడవాళ్లు తప్పకుండా రావాలి. నీళ్లు పోసేది ఎక్కువగా వాళ్లే గనుక ఏ కొమ్మ ఎక్కడ నాటాలో వాళ్లే చెప్పాలి. కొమ్మలు కొట్టే రోజు, నాటే కొమ్మను కోసుకోవడానికి గొడ్డలి బదులు రంపం తెచ్చుకోండి. గొడ్డలి దెబ్బకు బెరడు చీలుతుంది, చీలిన కొస కుళ్లే ప్రమాదం ఉంది.