బుల్లి చుట్టానికి భయమెందుకు?

బెంగుళూరులోని ఒక దుకాణం నుంచి మదనపల్లెలోని ఒక ఇంటికి హామ్‌స్టర్ ఒకటి వచ్చిందనుకుందాం. హామ్‌స్టర్ అంటే ఎలుకకు దూరపు చుట్టం. అరచేతిలో ఇమిడే ఒళ్ళు, ఉండీ లేనట్టుండే తోక, నల్లపూసల వంటి కళ్ళు, మెత్తని బంగారు రంగు బొచ్చు. ఇంట్లో పిల్లలు సంబరంగా పంజరం తలుపు తీసి లోపలికి చెయ్యి పెట్టారు. అది ఒక మూలకు పారిపోయి, వెల్లకిలా పడి కీచుమని అరిచింది. రెండోసారి చెయ్యి పెట్టేసరికి వేలు కొరికింది. "దీనికి బొత్తిగా ప్రేమే లేదు!" అని పిల్లలు చిన్నబుచ్చుకున్నారు.

ప్రేమ లేక కాదు బాలలూ, అది భయపడింది. బస్సులో మూడు నాలుగు గంటల కుదుపు, కొత్త ఇల్లు, కొత్త వాసనలు, కొత్త గొంతులు! అంత చిన్న ప్రాణికి అది ఎంత కష్టమో ఆలోచించండి. ఆ భయాన్ని పోగొట్టడాన్నే మన పెద్దలు మచ్చిక చెయ్యటం అన్నారు. మచ్చిక ఎలా చెయ్యాలో తెలియక చాలామంది పిల్లలు కొద్ది రోజులకే విసుగుపుట్టి పంజరాన్ని ఏ మూలనో పడేస్తారు. తెచ్చినవాళ్ళే మరచిపోతే ఆ ప్రాణి గతి ఏమిటి? అందుచేత ఈ నెల మచ్చిక సంగతి చెప్పుకుందాం.

మదనపల్లె నుంచి దక్షిణంగా వెళితే పుంగనూరు వస్తుంది. అక్కడి పొట్టి ఆవు పేరు మీరు వినే ఉంటారు. దాని ఎత్తు 70 మొదలు 90 సెంటీమీటర్లు. అంటే ఆరేడేళ్ళ పిల్లవాడు దాని పక్కన నిలబడితే, ఆవు మూపురం సుమారు వాడి ఛాతీ దాకానే వస్తుంది! ఇంత అరుదైన ఈ జాతిని కాపాడటానికి పలమనేరులో పశు పరిశోధన కేంద్రం పనిచేస్తున్నది. ఈ ఆవు కొత్తవాళ్ళు వచ్చి గంగడోలు నిమిరినా సాధారణంగా బెదరదు. కారణం ఏమిటి? మన దేశపు మూపురం ఆవులను మనిషి సింధునది ప్రాంతంలో సుమారు 8000 ఏళ్ళ కిందటే పెంచసాగాడు. అప్పటి నుంచి సాధువైన ఆవుల దూడలను ఉంచుకుంటూ, పొగరుబోతు వాటిని వదిలేస్తూ వచ్చాడు. అలా ఎన్నో తరాలు గడిచేసరికి సాధుగుణం ఆవుకు పుట్టుకతోనే అబ్బింది. ఇటువంటి వాటిని పెంపుడు జాతులు అంటారు.

ఇంకా దక్షిణానికి వెళితే ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాలు కలిసే చోట కుప్పం ఉన్నది. ఆ చుట్టుపట్ల కౌండిన్య అడవుల్లో ఏనుగులు తిరుగుతాయి. 1980ల్లో అవి పక్క రాష్ట్రాల అడవుల నుంచి ఇటు వలస వచ్చాయి. అవి చేలమీద పడినప్పుడు తిరిగి అడవిలోకి తోలటానికి మచ్చికైన ఏనుగులనే వాడతారు. వాటిని కుంకీలు అంటారు. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం కొన్ని కుంకీలను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. ఏనుగు మనిషికి కొన్ని వేల ఏళ్ళుగా తెలుసు. అయినా అది ఆవులాగా పెంపుడు జాతి కాలేదు! మావటివాడు ఏ ఏనుగుకు ఆ ఏనుగును విడివిడిగా మచ్చిక చేసుకోవలసిందే. రోజూ తానే మేత పెట్టాలి, తానే స్నానం చేయించాలి, తన గొంతూ తన వాసనా దానికి అలవాటు చెయ్యాలి. గొలుసు వేసి, అంకుశంతో పొడిచి లొంగదీసిన ఏనుగు అదను దొరికితే తిరగబడుతుంది. మచ్చికైన ఏనుగు మాత్రం మావటి మాట వింటుంది.

ఇక మన హామ్‌స్టర్ మాట. ఇది పుంగనూరు ఆవు వంటిదా, కుప్పం ఏనుగు వంటిదా?

1930లో జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన ఇజ్రాయెల్ అహరోనీ అనే జంతుశాస్త్రజ్ఞుడు సిరియా దేశం వెళ్ళాడు. అక్కడ అలెప్పో నగరం దగ్గర ఒక గోధుమచేనులో తవ్వించగా, సుమారు రెండున్నర మీటర్ల లోతున ఒక గూడు కనపడింది. అందులో ఒక తల్లి, 11 పిల్లలు! వాటిని పెట్టెలో పెట్టగానే తల్లి బెదిరిపోయి తన పిల్లల్లో ఒకదాన్ని తానే చంపేసింది. భయం ఎంత పని చేయిస్తుందో చూశారా! మిగిలిన పిల్లలను అహరోనీ, ఆయన భార్యా చేతులతో పెంచారు. వాటిలో కొన్ని కొయ్య పంజరాన్ని కొరికి పారిపోయాయి. చివరికి మిగిలిన ఏ కొన్నింటికో పిల్లలు పుట్టాయి. ఇవాళ ప్రపంచంలో ఇళ్ళలోనూ ప్రయోగశాలల్లోనూ ఉన్న సిరియా హామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ ఒక్క గూటి సంతానమే!

ఇప్పుడు లెక్క వెయ్యండి. ఆవుకూ మనకూ 8000 ఏళ్ళ స్నేహం. హామ్‌స్టర్‌కూ మనకూ ఇంకా నూరేళ్ళయినా నిండలేదు. గనక పంజరంలో పుట్టినదయినా సరే, దాన్ని మావటి ఏనుగును చేసుకున్నట్టు ఓపికగా మచ్చిక చేసుకోవాలి.

మచ్చిక చెయ్యాలంటే అది లోకాన్ని ఎలా చూస్తుందో తెలియాలి. దాని కళ్ళకు దూరపు వస్తువులు సరిగా ఆనవు. ముక్కూ చెవులూ మాత్రం చాలా చురుకు. మనుషులను అది వాసనతోనూ గొంతుతోనూ పోల్చుకుంటుంది. పగలు నిద్రపోయి, పొద్దుగూకాక లేస్తుంది. బయళ్ళలో తిరిగే దాని జాతిని గద్దలూ గుడ్లగూబలూ పైనుంచి తన్నుకుపోతాయి. అందుచేత పైనుంచి దిగే మీ చెయ్యి దానికి చెయ్యిలా తోచదు, గద్దలా తోస్తుంది! కొరికిందంటే ప్రాణం కాపాడుకోవటానికే కొరికింది.

దాన్ని మచ్చిక చేసుకునే పద్ధతి ఇది.

మొదటి మూడు రోజులూ దాన్ని తాకనే వద్దు. మేతా నీళ్ళూ పెట్టి ఊరుకోండి. పంజరాన్ని టీవీకి దూరంగా, ఎండా ఎదురుగాలీ తగలని చోట, పిల్లికి అందకుండా పెట్టండి. అడుగున అచ్చు లేని తెల్ల కాయితాల పీలికలు జానెడు మందాన పరచండి. దూది మాత్రం వెయ్యకండి, అది కాళ్ళకు చుట్టుకుంటుంది. కుమ్మరి దగ్గర దొరికే వెడల్పు మూతి మట్టి పిడతను పక్కకు పడుకోబెట్టి పెడితే, అదే దానికి గుహ అవుతుంది. దాక్కునే చోటు ఉంటే అది ఎప్పుడూ దాక్కునే ఉంటుందేమోనని అనుమానం వద్దు. వెనక్కు పారిపోయే చోటు ఉన్న జంతువే ధైర్యంగా ముందుకు వస్తుంది. సిరియా హామ్‌స్టర్‌కు తోడు కావాలని రెండోదాన్ని తేకండి సుమా! అవి ఒంటరి జీవులు. ఒకే పంజరంలో పెడితే చచ్చేటట్టు కొట్టుకుంటాయి.

నాలుగో రోజు నుంచి, దీపాలు పెట్టే వేళకు పంజరం పక్కన కూచుని మీ పాఠం మెల్లగా పైకి చదవండి. మీ గొంతు దానికి అలవాటవుతుంది, మీ పాఠం మీకు వస్తుంది! శుభ్రమైన కాయితపు ముక్కను కొంతసేపు చేతిలో పట్టుకుని, దాని గూటి పక్కన పెట్టండి. అది ఆ ముక్కను లాక్కుపోయి పక్కలో వేసుకుందంటే, మీ వాసన అంటే దానికి భయం తగ్గుతున్నదన్న మాట.

అది మీ గొంతు విని కూడా బయట తిరగటం మొదలుపెట్టాక, చేతులు బాగా కడుక్కోండి. వేలికి వేరుశనగ వాసన ఉంటే వేలే వేరుశనగ అనుకుంటుంది! అరచెయ్యి వెల్లకిలా పంజరం అడుగున ఆనించి, అందులో నాలుగు కొర్ర గింజలో ఒక పొద్దుతిరుగుడు గింజో పెట్టండి. చెయ్యి కదలకూడదు. మొదటి రోజు వాసన చూసి పారిపోవచ్చు. రెండో రోజు గింజ ఎత్తుకుపోవచ్చు. మరికొన్నాళ్ళకు ముందరి కాళ్ళు మీ చేతిమీద పెట్టవచ్చు. అది తనంతట తానే చేతిలోకి ఎక్కేదాకా పట్టుకోవద్దు. కొన్ని వారం రోజులకే ఎక్కుతాయి, కొన్నింటికి నెల పైనే పడుతుంది. దానికి తొందర లేదు, మీరూ తొందరపడకండి.

చేతిలోకి వచ్చాక కూడా రెండు చేతులూ దోసిలి పట్టి, నేలమీద కూచునే ఎత్తండి. ఎంత ఎత్తున ఉన్నదీ దానికి తెలియదు. మీ భుజం మీద నుంచి కింద పడితే ఎముకలు విరుగుతాయి. నిద్రపోయేటప్పుడు లేపకండి. కొరికితే చెయ్యి విదిలించవద్దు, దాని ముఖాన ఊదవద్దు, కొట్టవద్దు. మెల్లగా కిందికి దించి, గాయాన్ని సబ్బుతో పారే నీళ్ళ కింద కడిగి, వెంటనే పెద్దలకు చెప్పండి.

దాని మనసు తెలుసుకోవటం కష్టం కాదు. చెవులు వెనక్కు మడిచి బిగుసుకుపోయినా, పళ్ళు కటకటలాడించినా, వెల్లకిలా పడి అరిచినా "నాకు భయంగా ఉంది, దూరంగా ఉండు" అని అర్థం. అప్పుడు చెయ్యి వెనక్కు తీసుకోవాలి. మీ ఎదుట ఒళ్ళు విరుచుకున్నా, తీరిగ్గా ఆవులించినా దానికి భయం లేదన్న మాట. ఇంకొక గుర్తు ఉన్నది. హామ్‌స్టర్ బుగ్గల్లో భుజాల దాకా సాగే సంచులుంటాయి. భయమున్నంత కాలం అది గింజలను ఆ సంచుల్లో కుక్కుకుని గూటికి పరుగెత్తుతుంది. ఏదో ఒక రోజున మీ ముందే కూచుని గింజ ఒలుచుకు తింటుంది. ఆ రోజున అది మచ్చికైనట్టే!

మేతకు వెతుక్కోనక్కరలేదు. కొర్రలు, సామలు, రాగులు, జొన్నలు మన సీమలో పండేవే. రోజుకు ఒకటి రెండు చెంచాలు చాలు. పైన చిన్న దోసకాయ ముక్కో కారట్ ముక్కో పెట్టవచ్చు. ఉప్పు చల్లినవీ, నూనెలో వేయించినవీ, ఉల్లి, వెల్లుల్లి, మిఠాయిలు పనికిరావు. మదనపల్లె పిల్లలు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి: టమాటా ఆకులూ కాడలూ పచ్చి కాయలూ దానికి విషం. పళ్ళు జన్మంతా పెరుగుతూనే ఉంటాయి గనక, అరగదీసుకోవటానికి మందులు కొట్టని జామ కొమ్మ ముక్క ఒకటి వెయ్యండి.

వేసవిలో జాగ్రత్త మరీ అవసరం. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండటం చేత కోస్తా ఊళ్ళకన్న చల్లన. అయినా ఎండాకాలపు మధ్యాహ్నం హామ్‌స్టర్‌కు ప్రమాదమే. దానికి 18 మొదలు 26 డిగ్రీల వేడి హాయి. 30 దాటితే వడదెబ్బ భయం ఉన్నది. పంజరాన్ని రేకుల కప్పు కింద ఉంచకండి. చల్లని బండల నేలమీద పెట్టి, పక్కన తడిబట్ట వేలాడదీయండి. ఇందాక చెప్పిన మట్టి పిడత ఇక్కడ కూడా పనికివస్తుంది. చల్లగా ఉంటుంది గనక అది అందులోకి దూరి పడుకుంటుంది. నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉండాలి.

మచ్చిక చెయ్యటం తెలిసింది గదా అని ఏ రామచిలుకనో పట్టుకు తెచ్చేరు! అడవి పక్షులను పట్టటం, పంజరంలో పెంచటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పెరట్లో గింజలూ నీళ్ళూ పెట్టండి. అవి వచ్చి తిని ఎగిరిపోతాయి. స్వేచ్ఛగా ఉన్న పక్షి రోజూ మీ పెరటికి తానై రావటం కూడా మచ్చికే.

హామ్‌స్టర్ బతికేది రెండు మూడేళ్ళే. అందులో నెల రోజులు మచ్చికకు పోయిందని బాధపడేవాళ్ళుంటారు. కాని ఆ నెల పోయినట్టు కాదు. దాని మిగిలిన బతుకంతా భయం లేకుండా గడిచేది ఆ నెల వల్లనే.

మీలో హామ్‌స్టర్ లేనివాళ్ళే ఎక్కువమంది ఉంటారు. ఫరవాలేదు. సంతలో కొన్న దూడ అయినా, పక్కింటివాళ్ళు ఇచ్చిన కుక్కపిల్ల అయినా, కుందేలు అయినా ఇదే పద్ధతి: ముందు చోటు, తరవాత గొంతు, తరవాత వాసన, తరవాత మేత, అన్నిటికన్న చివర స్పర్శ. మీ ఇంటికి కొత్త ప్రాణి వస్తే ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి, ఆ రోజు అది మీకు ఎంత దగ్గరకు వచ్చిందో రాయండి. జానలతో కొలిచి రాస్తే మరీ మంచిది. నెల తిరిగేసరికి ఆ జానల లెక్క ఎలా తగ్గుతూ వచ్చిందో మీరే చూసి ఆశ్చర్యపోతారు.