చెవి దగ్గర ఎన్ని వాట్లు కావాలి?

రావులపాలెం నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. ఇంజనీరింగు చదువుతున్న కొడుకు ఆ మధ్య ప్లానార్ మాగ్నెటిక్ హెడ్‌ఫోన్లు కొనుక్కున్నాడట. ఇప్పుడు వాటిని ‘లాగడానికి’ విడిగా ఓ యాంప్లిఫయర్ కావాలంటున్నాడట. దాని ఖరీదు హెడ్‌ఫోన్ల కంటే ఎక్కువ. ‘చెవికి తగిలించుకునే వస్తువుకు రెండు వాట్లెందుకండీ? మా ఊరి తీర్థంలో మైకుసెట్టు అబ్బాయి కూడా ఇంత హడావుడి చెయ్యడు’ అన్నది ఆ తండ్రిగారి గోడు.

మంచి పోలికే తెచ్చారు. మైకుసెట్టు దగ్గరే మొదలుపెడదాం.

కొబ్బరిచెట్టుకు కట్టే గరాటు హారన్ చాలా పొదుపరి. ఒక్క వాటు ఇస్తే చాలు, మీటరు దూరంలో 105 నుంచి 110 డెసిబెల్స్ దాకా మోగుతుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 107తో మొదలైందనుకుంటే 64 మీటర్ల అవతల, అంటే చేను దాటి గట్టు మీద నిలబడ్డవారికి, 71 వినిపిస్తుంది. మనం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేది 60 ప్రాంతం. అంటే ఒక్క వాటుతోనే పాట చేను దాటేసింది. 30 వాట్లిస్తే అక్కడే 86 అవుతుంది. మరి 60 ఇస్తే? 172 అవుతుందనుకుంటారు చాలామంది. అవదు. 89 అవుతుంది, అంతే. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి ‘రెండింతలు మోగుతోంది’ అనిపించాలంటే సుమారుగా పదింతల వాట్లు పొయ్యాలి.

కోనసీమలో మైకుసెట్లు నడిపే ఒక పెద్దాయన్ను ఓ పెళ్లిలో ఇదే అడిగాను. ‘బాబాయ్, ఎన్ని వాట్లు పెట్టావు?’

‘పెళ్లివారడిగితే వెయ్యండి, ఆయ్. మీరడిగారు కాబట్టి వందండి. ఎన్నన్నది కాదండి బాబూ, హారను ఎటు తిప్పామన్నదే లెక్కండి.’

ఈ లెక్క తెలిసినవాడు కాబట్టే ఆయన యాంప్లిఫయర్ పెంచడు, అవతలి చెట్టుకు ఇంకో హారన్ కడతాడు. (సన్నాయికీ డోలుకీ అసలు మైకెందుకో మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు.)

ఇక హెడ్‌ఫోన్లు. ఇక్కడ చేను లేదు, గట్టు లేదు. చెవికీ శబ్దానికీ మధ్య వేలెడు దూరం కూడా ఉండదు. అందుకే ఇక్కడ కొలత వాటు కాదు, అందులో వెయ్యో వంతైన మిల్లీవాటు.

మామూలు హెడ్‌ఫోన్లలో చిన్న గిన్నెలాంటి పొర వెనక తీగచుట్ట ఉంటుంది. చుట్ట కదిలితే పొర కదులుతుంది. ప్లానార్‌లో చుట్ట ఉండదు. వెంట్రుక కన్నా పలచని ప్లాస్టిక్ పొర మీదే లోహపు గీతలు అచ్చేసినట్టు పరుస్తారు. దాన్ని అయస్కాంతాల బారుల పక్కన బిగిస్తారు. కరెంటు పారగానే పొర దాదాపు అంతా ఒక్కసారే కదులుతుంది. అందుకే ధ్వని శుభ్రంగా ఉంటుందని పేరు. యమహా కంపెనీ 1976లోనే హెచ్‌పీ-1 అని ఇలాంటిది తెచ్చింది. చిక్కేమిటంటే, అంత వెడల్పు పొరకు అయస్కాంతబలం అంతటా గట్టిగా అందించడం కష్టం. అందువల్ల కొన్ని ప్లానార్లు తిండిపోతులయ్యాయి. హైఫైమ్యాన్ హెచ్‌ఈ-6 పేరుమోసిన ఉదాహరణ. మిల్లీవాటుకు అది ఇచ్చేది 83.5 డెసిబెల్సే. ఆ ఒక్కదానికొచ్చిన పేరు మొత్తం వంశానికి అంటుకుంది.

లెక్క వేద్దాం. పాటలో తాళం దెబ్బో, వాద్యాల హోరో వచ్చినప్పుడు క్షణకాలం 110 డెసిబెల్స్ దాకా వెళ్లాలనుకుందాం. అది చాలా ఎక్కువే, అయినా కొడుకుగారి పక్షానే ఉందాం. హెచ్‌ఈ-6కు దానికి 450 మిల్లీవాట్లు కావాలి. నిజమే, అది ఫోను వల్ల అయ్యే పని కాదు. అదే కంపెనీ సుందర మోడల్ మిల్లీవాటుకు 94 ఇస్తుంది, దానికి 40 మిల్లీవాట్లు చాలు. 101 ఇచ్చే ప్లానార్లూ ఉన్నాయి, వాటికి 8 చాలు. ఇది శిఖరం మాట. మామూలుగా 75 దగ్గర పెట్టుకుని వినేవాడికి శిఖరాలు 95కు అటూ ఇటూగా ఉంటాయి. సుందరకు అప్పుడు కావలసింది ఒక మిల్లీవాటు, మహా అయితే ఒకటిన్నర!

ఫోనుకు తగిలించే చిన్న తోక, అదే డాంగిల్, మంచిదైతే ఒక వోల్టు ఇస్తుంది. సుందర నిరోధం 37 ఓమ్‌లు. ఒక వోల్టుతో దానికందేది 27 మిల్లీవాట్లు, అంటే శిఖరం 108 దాకా. ఇల్లంతా నిద్రపోయాక వినే పాటకు అంతకన్నా ఏం కావాలి?

‘పెద్ద యాంప్లిఫయర్ పెడితే బేస్ గట్టిపడింది’ అనేవాళ్లుంటారు. అబద్ధమాడుతున్నారని అనను. చిన్న యాంప్లిఫయర్ శక్తి చాలక శిఖరాలు తెగ్గొడుతుంటే తేడా కచ్చితంగా వినిపిస్తుంది. కానీ ఎక్కువసార్లు జరిగేది వేరు. కొత్త పెట్టె రెండు మూడు డెసిబెల్స్ ఎక్కువ మోగుతుంది, చెవి దాన్ని ‘బాగుంది’ అనుకుంటుంది. రెండింటినీ ఒకే మోతకు సరిచేసి, ఏది ఏదో చెప్పకుండా వినిపించమనండి. ఇంకో భ్రమ నాబ్. పావువంతు తిప్పగానే మోగిపోతే బోలెడు శక్తి మిగిలి ఉందనుకుంటారు. ఆ నాబ్ చెప్పేది గెయిన్ సంగతే, శక్తి సంగతి కాదు.

ఉత్తరం రాసిన తండ్రిగారు డబ్బు గురించే అడిగారు, నాకు మాత్రం చెవుల మీద బెంగ. 94 ఇచ్చే హెడ్‌ఫోన్లకు నిజంగా రెండు వాట్లూ అందితే అది 127 డెసిబెల్స్, నొప్పి పుట్టే మోత. నాబ్ మీద వేలు జారితే చాలు. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అక్కణ్నుంచి 3 పెరిగినప్పుడల్లా వినదగ్గ గంటలు సగమవుతాయి. 83కు 20 గంటలు, 86కు 10, 89కు 5. లోపలి చెవిలో రాలిపోయిన సన్నని రోమకణాలు మళ్లీ మొలవవు. తీర్థంలో హారన్ మరీ మోగితే పక్కింటివాళ్లు కేకలేస్తారు, రాత్రి పదింటికి ఆపమనే నిబంధనా ఉంది. హెడ్‌ఫోన్ల లోపల ఎంత మోగుతోందో పక్కన కూర్చున్న తల్లికి కూడా తెలీదు.

కాబట్టి అబ్బాయిని ముందు హెడ్‌ఫోన్ల పెట్టె తిప్పి చూడమనండి. రెండంకెలు చాలు, ఓమ్‌లూ డెసిబెల్సూ. ఆ డెసిబెల్స్ పక్కన ‘మిల్లీవాటుకు’ అని ఉందా, ‘వోల్టుకు’ అని ఉందా అన్నది జాగ్రత్తగా చదవాలి. 37 ఓమ్‌లకు ఈ రెండింటికీ 14 డెసిబెల్స్ తేడా. మిల్లీవాటుకు 94 అన్నా, వోల్టుకు 108 అన్నా ఒకే వస్తువు. మిల్లీవాటుకు 90 పైన ఉంటే మంచి డాంగిల్‌తో ఓ నెల విననివ్వండి. 85 కన్నా తక్కువుంటే మటుకు అబ్బాయి అడిగిందాంట్లో న్యాయముంది, అప్పుడు కూడా అర వాటు పెట్టె చూడండి.