347 కేలరీలట! ఎవరు లెక్కపెట్టారు?

ట్రెడ్‌మిల్ దిగగానే తెర మీద 347 అని కనపడుతుంది. 340 కాదు, 350 కాదు, అచ్చంగా 347! ఇంత కచ్చితంగా చెప్పిందంటే లోపల ఏదో పెద్ద కొలతే జరిగి ఉంటుందని నమ్మేస్తాం. నా మటుకు నాకు ఇది ఇంజనీరింగ్ పేరుతో జరిగే పచ్చి మోసం.

నిజంగా కొలవాలంటే మూతికి మాస్కు తగిలించి, ఒళ్ళు ఎంత ఆక్సిజన్ వాడుకుందో, ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలిందో చూడాలి. లీటరు ఆక్సిజన్‌కి సుమారు 5 కిలోకేలరీలు. చేతి వాచీకి ఇవేవీ తెలీవు. (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపిస్తుందిగా అనకండి, అది వేరు, ఇది వేరు.) దానికి తెలిసిందల్లా గుండె వేగం, చెయ్యి ఊపు, మనం టైపు చేసిన వయసు, బరువు. మిగతాదంతా ఫార్ములా. బాసు తిట్టినా గుండె దడదడలాడుతుంది, దానికి కొవ్వు కరుగుతుందా?

ఆ ఫార్ములా సంగతీ చూద్దాం. ఊరికే కూర్చున్న మనిషికి కిలో బరువుకి గంటకి సుమారు 1 కిలోకేలరీ ఖర్చు. నడకకి దానికి 4 రెట్లు అనుకుంటే, 70 కిలోల మనిషికి గంటకి 280. బానే ఉంది. కానీ అందులో 70 సోఫాలో కూర్చుని టీవీ చూసినా ఖర్చయ్యేవే కదా! నడక పుణ్యాన అదనంగా పోయింది 210. యంత్రం గొప్పగా చూపించేది మాత్రం చాలాసార్లు 280. ఇక పక్క కడ్డీల మీద బరువంతా వేసి నడిచేవాళ్ళకి ఆ 210 కూడా డౌటే.

2017లో స్టాన్‌ఫోర్డ్ వాళ్ళు 60 మందితో 7 రకాల చేతి పట్టీలు పరీక్షించారు. గుండె వేగాన్ని ఆరు పట్టీలు 5 శాతం లోపు తేడాతో చెప్పాయి. శభాష్. కేలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిట్లోకీ మంచిదే సగటున 27 శాతం తప్పింది. చెత్తది 93 శాతం!

"గుడ్డికన్నా మెల్ల నయం కదా" అంటారు కొందరు. మెల్ల అని ముందే చెప్తే నయమే. చెప్పకపోతేనే ప్రమాదం. "ఇవాళ 400 కరిగించా" అని లెక్క చెప్పి సమోసాలు లాగించేవాళ్ళని మా ఆఫీసు క్యాంటీన్లో రోజూ చూస్తున్నా. నెల తిరిగినా బరువు తగ్గదు. "నా ఒళ్ళే ఇంత" అనుకుని నడకే మానేస్తారు. షుగరున్నవాడు నడక మానేస్తే నష్టం ఎవరికి? తప్పు ఫార్ములాది, శిక్ష మనిషికి.

నేనడిగేది చిన్న మార్పే. 347 బదులు "250 నుంచి 440 మధ్య" అని చూపించండి. కోడు రాసేవాడిగా చెప్తున్నా, ఇదేమంత పెద్ద పని కాదు. కాకపోతే అలా చూపిస్తే వాచీ తెలివి మీద జనానికి అనుమానం వస్తుంది, అదీ అసలు భయం.

అప్పటిదాకా వాచీని గుండె వేగానికీ, నడిచిన నిమిషాలకీ వాడుకోండి. బరువుకి త్రాసుంది, నడుముకి టేపుంది. ఆ కేలరీల అంకె చూసి మాత్రం ప్లేటులో ఇంకో సమోసా వేసుకోకండి.