బొచ్చుకుక్కయు మన వేసవియు

అరసవల్లి యనగానే యెల్లరకును సూర్యదేవాలయము జ్ఞప్తికి వచ్చును. ఎండ యెట్టిదో యీ ప్రాంతమువారికి వేఱుగ బోధింప నక్కరలేదు. రోహిణీకార్తెలో రోళ్ళు పగులునని పెద్దలు చెప్పుదురు. దానికి దోడు సముద్రము చేరువనే యుండుటచే ఉక్కపోతయు మెండు. సైబీరియా మంచుపై బండ్లు లాగిన హస్కీ, ఆల్ప్సు కనుమలలో బెరిగిన సెయింట్ బెర్నార్డు మొదలగు శీతలదేశపు గుక్కలను వేడుకకొఱకు గొనువారు మనలోను గలరు. వారితో రెండు మాటలు చెప్పదలచితిమి.

ఒక వేసవిలో మేము పరిచితుల యింటికి బోయితిమి. అచ్చటి తెల్లని బొచ్చుకుక్కకు నున్నగా క్షౌరము చేయించి యుండిరి. కంబళి కప్పుకొన్నట్లున్నదని జాలిపడి తీయించితిమని యింటివారు చెప్పిరి. నాలుగు దినములలో దాని వీపు ఎండకు గంది పొక్కెను. వారి దయ నిజమైనదే. తెలివి తోడుగాని దయ యట్లు హింసగా మాఱెను.

అట్టి కుక్కలకు బొచ్చు రెండు పొరలు. లోపలిది దూదివలె మెత్తనిది. పైది పొడుగైన వెండ్రుకలు. పైపొర యెండను చర్మమునకు దగులనీయదు. లోపలి దూదిని దినదినము దువ్వి తీసినచో గాలి చొచ్చును. అంతయు గొఱిగినచో గొడుగును దీసివేసినట్లే. తిరిగి మొలచునది మునుపటివలె నుండకపోవచ్చును.

మనకు ఒడలెల్ల జెమట పట్టును. కుక్కకు బాదముల యడుగున దప్ప చెమట దాదాపు లేదు. నాలుక చాచి రొప్పుటయే దానికి జల్లబడు మార్గము. నోటి తడి యావిరియైనపుడు వేడిమి తగ్గును. ఉక్కదినమున మట్టికుండలోని నీరు చల్లబడకుండుట మన మెఱుగుదుము గదా! కుక్క నాలుకకును అదే గతి. కావున మబ్బు పట్టినదని యేమఱరాదు.

దానిని మేడపైనను రేకులక్రిందను గట్టివేయరాదు. నీడయు, గాలియు, ఎల్లప్పుడు మంచినీరును ఉండవలెను. పొట్టయు బాదములును దడిపి పంకా క్రింద నుంచిన మేలు. షికారు తెల్లవాఱుజామున గాని, నేల చల్లారిన పిమ్మట గాని చేయింపవలెను. అరచేయి నేలపై మోపి చూడుడు. మన చేయి తాళనిచో దాని పాదములును దాళవు.

కుక్క శరీరోష్ణము సాధారణముగ 38 మొదలు 39 డిగ్రీల సెంటీగ్రేడు. 41 దాటినచో బ్రాణాపాయము. విపరీతముగ రొప్పుట, చొంగ కార్చుట, తూలుట, చిగుళ్ళు మిక్కిలి యెఱ్ఱబాఱుట దాని గుర్తులు. వెంటనే నీడకు జేర్చి, ఒడలెల్ల నీరు పోసి, విసరుచు, పిమ్మట పశువైద్యునియొద్దకు గొనిపోవలెను. తడిగుడ్డ కప్పి యుంచరాదు. వేడిమి లోననే నిలుచును.

పెంపుడుజంతువునకు దగిన తిండి, నీరు, నీడ కల్పింపకుండుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టముచే నేరము. చట్టముకంటె ముందు మనస్సాక్షి యున్నది. ఇంత శ్రమకు దీరిక లేనివారు మంచుదేశపు గుక్కను దేకుండుటయే దానికి జేయు మేలని మా యభిప్రాయము. పొట్టిబొచ్చు గల మన యూరకుక్క యీ యెండలకు అలవాటుపడినది. టీకా వేయించి చేరదీసినచో దానికి మించిన చెలికాడు వేఱొకడు లేడు.

బాలబాలికలారా, ఈ వేసవి సెలవులలో మీ యింటి వాకిట ఒక మూకుడుతో నీళ్ళుంచుడు. దయకు అది తొలిపాఠము.