రాస్తే పోయేదేముంది?

పోయిన నెల మా అక్క దేవరకొండ దగ్గర ఊరి నుంచి ఫోన్ చేసింది. "తమ్మీ, కాలేజోళ్ళు వచ్చి కూసున్నరు. పిల్లను ఏ బ్యాచ్‌ల ఏద్దామంటవ్?"

మా మేనకోడలికి పదో తరగతిలో 551 మార్కులొచ్చాయి. కాలేజోళ్ళంటే పీఆర్వోలు. సంక్రాంతి నుంచే ఊళ్ళో తిరుగుతున్నారు. మార్కులు వచ్చాక వాళ్ళ చేతిలో కాగితం మారింది, అంతే. అక్క ఆ కాగితం ఫొటో వాట్సాప్‌లో పెట్టింది. అట్టడుగున ఇంటర్ ప్లస్ ఎప్‌సెట్ (2024 నుంచి పేరు మారింది గానీ మా ఊళ్ళో ఇంకా ఎంసెటే). దానిపైన ఇంకో ప్లస్సు, జేఈఈ మెయిన్. ఆపైన అడ్వాన్స్‌డ్. అన్నిటికన్నా పై బ్యాచ్‌లో బిట్‌శాట్, ఒలింపియాడ్ కూడా. ప్లస్సు పెరిగిన కొద్దీ ఫీజు పెరుగుతుంది. మార్కులు బాగా వచ్చిన పిల్లకి మాత్రం పై బ్యాచ్‌లోనే 'కన్సెషన్' ఇస్తారు. కింది బ్యాచ్‌లో ఇవ్వరు. ఈ కిటుకు గమనించండి. ఎన్ని ప్లస్సులు కావాలో పిల్లను అడగకుండానే తేల్చేసే పద్ధతి ఇది.

బావ ఫోన్ తీసుకున్నాడు. "పిల్ల తెలివిగల్లది. అన్నీ రాయనియ్యి. రాస్తే పోయేదేముంది?"

ఈ మాట నేను ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. మా నాన్న నా గురించి అన్నాడు. ఇప్పుడు నా ఆఫీసులో పక్క సీటు ఆయన తన కొడుకు గురించి అంటున్నాడు. అమెరికాలో ఉన్న మా క్లాస్‌మేట్ తన కూతురు ఎన్ని 'ఏపీ'లు తీసుకోవాలో అడుగుతూ చివర్లో ఇదే అంటాడు (ఏపీ అంటే పక్క రాష్ట్రం కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్లో ఉండగానే చదివే కాలేజీ స్థాయి కోర్సు). పోయేది ఉంది. చాలా ఉంది. పరీక్ష రాసే మూడు గంటల సంగతి కాదు నేను చెప్పేది, దానికి ముందు పోయే రెండేళ్ళ సంగతి.

ఒక్క చాప్టర్ తీసుకుందాం. ఫస్టియర్ మ్యాథ్స్ వన్ బీలో మాగ్జిమా మినిమా. బోర్డు పరీక్షకి ఇది ఏడు మార్కుల ప్రశ్న. కింద దీర్ఘచతురస్రం, పైన అర్ధవృత్తం ఉన్న ఒక కిటికీ ఉంటుంది. చుట్టుకొలత ఇచ్చి, వైశాల్యం ఎప్పుడు గరిష్ఠమో అడుగుతారు. ఇంటర్ చదివిన వాళ్ళెవరూ ఆ కిటికీని మర్చిపోరు. బొమ్మ గీయాలి, ప్రతి స్టెప్పూ రాయాలి, చివర్లో గీత కొట్టాలి. స్టెప్పుకి మార్కు. ఇప్పుడు అదే చాప్టర్ ఎప్‌సెట్‌కి. అక్కడ 160 ప్రశ్నలకు 180 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 67 సెకన్లు. నెగెటివ్ మార్కుల్లేవు. కాబట్టి స్టెప్పులు రాసేవాడు మూర్ఖుడు. సూత్రం బట్టీ పట్టి, నాలుగు ఆప్షన్లలో మూడు కొట్టేసి, తెలియకపోతే ఏదో ఒకటి పెట్టేసి ముందుకు పోవాలి. అదే చాప్టర్ అడ్వాన్స్‌డ్‌కి వచ్చేసరికి, డెరివేటివ్‌ని సున్నా చేస్తే చాలదు, అసలు డెరివేటివే లేని చోట కూడా గరిష్ఠం ఉండొచ్చు అన్న దగ్గర ప్రశ్న మొదలవుతుంది. సరైన జవాబులు ఒకటికన్నా ఎక్కువ ఉండొచ్చు. తప్పు పెడితే ఉన్న మార్కులు పోతాయి. అక్కడ నిదానంగా కూర్చొని ఆలోచించాలి.

ఒక పరీక్ష నీట్‌గా రాయమంటుంది. ఇంకోటి రాయొద్దు, పరుగెత్తమంటుంది. మూడోది పరుగెత్తొద్దు, ఆగమంటుంది. పదిహేనేళ్ళ పిల్ల పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి స్టడీ అవర్‌లో ఇంకోటి నేర్చుకుంటుంది. పైగా దీన్ని 'ఒకే సిలబస్, మూడు లెవెల్స్' అని అమ్ముతారు. ఎండాకాలం పొలం దున్నే ఎద్దుని పగలు బండికి, రాత్రి గానుగకి కట్టి, ఎద్దు ఒకటే కదా అన్నట్టుంది.

అడ్వాన్స్‌డ్ గొప్ప పరీక్షే, కాదనను. మంచి ప్రశ్నలుంటాయి. ఆ ప్రశ్నలంటే ఇష్టపడే పిల్లలున్నారు, నాకు తెలుసు. కానీ లెక్క చూడండి. మెయిన్ రాసేవాళ్ళు దేశం మొత్తంలో పద్నాలుగు లక్షల పైచిలుకు. అందులో అడ్వాన్స్‌డ్‌కి అర్హత వచ్చేది రెండున్నర లక్షల మందికి. ఐఐటీ సీట్లు సుమారు 18 వేలు. మిగతావాళ్ళకి ఆ రెండేళ్ళలో మిగిలేది, తనకు తెలివి లేదన్న నమ్మకం. వారం వారం టెస్టు పెట్టి, ర్యాంకుల లిస్టు గోడకి అంటించి, సెక్షన్లు మార్చి మరీ నేర్పిస్తారు ఆ నమ్మకాన్ని. దేవరకొండలో స్కూల్ ఫస్ట్ వచ్చిన పిల్ల మూడు నెలల్లో 'సి సెక్షన్ పిల్ల' అవుతుంది. ఆత్మహత్యల గురించి ఇక్కడ రాయను. చావు దాకా పోతే తప్ప పిల్లల కష్టం మనకు కష్టంగా కనబడదా?

అమెరికా పద్ధతి మహా గొప్పదని కాదు గానీ, నా క్లాస్‌మేట్ కూతురికి ఒక వెసులుబాటు ఉంది. ఆ పిల్ల క్యాలిక్యులస్ పక్కన సాహిత్యం తీసుకోవచ్చు, కళల చరిత్ర తీసుకోవచ్చు, ఒక సబ్జెక్టులో కష్టమైనది, ఇంకోదాంట్లో మామూలుది పెట్టుకోవచ్చు. మన దగ్గర ఎంపిక సబ్జెక్టుది కాదు, బ్యాచ్‌ది. బ్యాచ్ అంటే టైంటేబుల్, హాస్టల్ గది, నిద్ర లేచే వేళ, ఇంటికి ఫోన్ చేసే ఆదివారం, అన్నీ కలిపిన మూట. విప్పి చూసుకోవడానికి లేదు.

ఆ మూటలో ఒకటి చాలామంది గమనించనిది ఉంది. సెకండ్ లాంగ్వేజ్.

ఇక్కడ నా కథ కొంచెం చెప్పాలి. నేను హైదరాబాద్‌లో ఒక పెద్ద క్యాంపస్‌లో ఎంపీసీ చదివాను. పేరు అనవసరం, ఏ పేరైనా తేడా ఉండదు. అప్లికేషన్ ఫారంలో సెకండ్ లాంగ్వేజ్ అన్నచోట గుమాస్తానే 'సంస్కృతం' అని రాసేశాడు. పదో తరగతి వరకు తెలుగు అంటే ప్రాణం పెట్టే పిల్లాణ్ణి నేను. మా తెలుగు సారు పద్యం చదువుతుంటే కిటికీ బయట పిల్లలు కూడా ఆగేవాళ్ళు. "సార్, నాకు తెలుగు కావాలి" అన్నాను. "తెలుగైతే ఎనభై దాటవు, ఇదైతే తొంభై ఎనిమిది" అన్నాడు. తొంభై ఎనిమిదే వచ్చింది. దేవనాగరి లిపిలో ఒక వాక్యం తడబడకుండా ఇప్పటికీ చదవలేను. ఆ పేపర్లో చాలా జవాబులు ఇంగ్లిషులోనో తెలుగులోనో రాయొచ్చు. వచ్చే ప్రశ్నలు ఇరవై కాగితాల నోట్సులో ఉంటాయి. పరీక్షకి వారం ముందు ఇస్తారు.

ఇది సంస్కృతం మీద కోపం కాదు. సంస్కృతాన్ని కూడా మోసం చేసిన చదువు ఇది.

సరే, ఆ తొంభై ఎనిమిది ఎందుకు పనికొచ్చింది? ఇంటర్ ఎంపీసీకి మొత్తం వెయ్యి మార్కులు, ఫస్టియర్ 470, సెకండియర్ 530. అందులో సెకండ్ లాంగ్వేజ్‌కి రెండేళ్ళూ కలిపి 200. ఎంసెట్‌కి ఇంటర్ మార్కుల వెయిటేజీ 25 శాతం ఉన్న రోజుల్లో కూడా గ్రూప్ సబ్జెక్టుల మార్కులే చూసేవాళ్ళు, భాషల మార్కులు కాదు. తెలంగాణలో ఇప్పుడు ఆ వెయిటేజీ కూడా తీసేశారు. జేఈఈకి 75 శాతం గడప ఒకటుంది. దాటితే చాలు, ఎంత ఎత్తున దాటావని ఎవరూ అడగరు. డిగ్రీలో చేరేవాళ్ళకి దోస్త్‌లో ఇంటర్ మార్కులు అక్కరకొస్తాయి, నిజమే. కానీ ఆ పై బ్యాచ్ పిల్లలు దోస్త్ కోసం చదవట్లేదు కదా. మరి ఆ మార్కులు ఎవరికోసం? ఫలితాలొచ్చిన మర్నాడు పేపరు మొదటి పేజీ చూడండి. 470కి 467 అని పాస్‌పోర్టు ఫొటోలు వరసగా ఉంటాయి. పిల్లల తెలుగు పోయింది ఆ పేజీ కోసం. తెలుగు క్లాసుకి పోవాల్సిన గంటలు ప్లస్సులకి పోయాయి. కాలేజీకి రెండు వైపులా లాభం.

ప్రభుత్వాల సంగతి చెప్పాలంటే, 2017లో తెలుగు ఒకటి నుంచి ఇంటర్ దాకా తప్పనిసరి అని ముఖ్యమంత్రి ప్రకటించారు. ఆ డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు బ్రహ్మాండంగా జరిగాయి. 2018లో చట్టం వచ్చింది. చూస్తే పదో తరగతి దగ్గర ఆగిపోయింది. సరిగ్గా కార్పొరేట్ కాలేజీ గేటు మొదలయ్యే చోట. ఆ తర్వాత 2025లో, ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ సంస్కృతం పెడదామన్న మాట ఇంటర్ బోర్డు నుంచి వచ్చింది. తెలుగు అధ్యాపకులు, రచయితలు గట్టిగానే మాట్లాడారు. సంతోషం. కానీ ఆ మాట్లాడినవాళ్ళలో, ఆ పోస్టులు షేర్ చేసిన నాలాంటి వాళ్ళలో, తమ పిల్లల్ని ఇంటర్‌లో తెలుగు చదివించినవాళ్ళు ఎందరు? పుస్తక ప్రదర్శనలో సంచులు నింపుకొని, ఆవిష్కరణ సభల్లో 'చదివే తరం పోయింది' అని నిట్టూర్చే మనమే మర్నాడు కాలేజీ ఆఫీసులో ఆ ఫారం మీద సంతకం పెట్టి వస్తాం. పాఠకులు ఎక్కడికీ పోలేదు. పదహారేళ్ళ వయసులో, సరిగ్గా సాహిత్యం మనిషికి అంటుకునే వయసులో, మనమే వాళ్ళని తీసుకెళ్ళి వేరే గదిలో కూర్చోబెట్టాం.

సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు వాడు. తెలంగాణలో కవులు లేరని ఎవరో అన్నందుకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. అప్పుడు మాట అన్నది బయటివాడు, కోపమొచ్చింది, జవాబు చెప్పాం. ఇప్పుడు అనేవాడెవడూ లేడు. ఫారంలో టిక్కు మనమే పెడుతున్నాం.

దీనికి గట్టి ఎదురుమాట ఒకటుంది, దాన్ని దాటేసి పోలేను. బావ అడిగాడు కూడా. "నువ్వు గా సదువు సదివే గదరా గా ఉద్యోగంల ఉన్నవ్. మా పిల్లకాడికొచ్చేసరికి నీతులా?" బొంబాయి బస్సెక్కే వలస, ఫ్లోరైడ్ నీళ్ళు, బోర్లు ఎండిన చెలకలు చూసిన జిల్లాలు ఇవి. ఇక్కడ తండ్రి 'ఐఐటీ' అన్నాడంటే అది ఆశపోతుతనం కాదు. బావ ఫీజుకి అడ్వాన్స్ తెస్తున్నది బత్తాయి తోట మీద, కాత ఇంకా పిందె మీద ఉండగానే వ్యాపారి దగ్గర. అతనికి నేను 'సాహిత్యం' అని చెప్తే నవ్వుతాడు, నవ్వాలి కూడా. పట్నంలో స్థిరపడ్డవాడు పల్లెవాణ్ణి ఆశలు తగ్గించుకోమనడం కన్నా నీచం లేదు.

అందుకే నేను తగ్గించుకోమనట్లేదు. ఒక్కటి ఎంచుకోమంటున్నాను. పిల్లకి లెక్కలంటే నిజంగా పిచ్చి ఉంటే అడ్వాన్స్‌డ్ చదవనీ, నిదానంగా, పూర్తిగా. ఎప్‌సెట్‌కి చివరి నెలలో పాత పేపర్లు చేసుకుంటే సరిపోతుంది, అంత లోతు చదివినవాళ్ళకి అది బరువు కాదు. పిచ్చి లేకపోతే ఎప్‌సెట్ ఒక్కటే చదివి రాత్రి పదింటికి పడుకోనీ. మెయిన్ ఫీజు కట్టి ఊరికే రాసి రానీ, నాకేం అభ్యంతరం లేదు. రాయడానికి, దానికోసం రెండేళ్ళు తాకట్టు పెట్టడానికి తేడా ఉంది. 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. మంచి చదువు ఊరి దగ్గరికే రావాలన్న ఆలోచన అది. మా బావకి అలాంటి కాలేజీ దేవరకొండలోనే ఉండి ఉంటే ఈ బత్తాయి అడ్వాన్సూ అక్కర్లేదు, నా ఉపన్యాసమూ అక్కర్లేదు. అది అడగాల్సింది ప్రభుత్వాన్ని. అడగట్లేదు మనం. పీఆర్వోని కన్సెషన్ అడుగుతున్నాం.

ఇదంతా ఫోన్లో చెప్పాను, ఇంత పద్ధతిగా కాదులెండి. బావ విన్నాడు. "సరే, పిల్లనే అడుగు" అని ఫోన్ ఇచ్చాడు. ఇప్పటిదాకా ఆ పిల్లని ఎవరూ అడగలేదని అప్పుడు తెలిసింది. నేను కూడా.

"మామా, నాకు మ్యాథ్స్ ఇష్టమే. అడ్వాన్స్‌డ్ సదువుతా. గని తెలుగు గుడ తీస్కుంట అన్న. గా సారు నవ్విండు."

కాలేజీ నంబరుకి నేనే చేశాను. అవతల అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "సార్, ఆ బ్యాచ్‌కి తెలుగు ఉండదు సార్. లెక్చరర్‌ని పెట్టలేదు. అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు కదా సార్."

"ఒకరు అడుగుతున్నారు" అన్నాను.

"ఒక్కరి కోసమంటే కష్టం సార్. ఇంకో పదిమందిని తెస్తారా?"

సీటు ఉంచాలంటే శుక్రవారం లోపు పదివేలు కట్టాలట. ఇవాళ బుధవారం. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు పదిలో మంచి మార్కులొచ్చిన పిల్లల తల్లిదండ్రుల నంబర్లు మా అక్క పోగు చేస్తోంది. పొద్దుటి నుంచి నలుగురితో మాట్లాడాను. ముగ్గురు అడిగింది ఒకటే, తెలుగు తీసుకుంటే మార్కులు తగ్గుతాయి కదా అని. నాలుగో ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత మా పిల్లగాన్ని అడిగి చెప్తా అన్నాడు.